ఓజోన్ నీరు: గుణదోష విచారణ

“కొళాయి నీళ్ళలో క్లోరిన్ కలుపుతారు కదండీ, అది కాన్సరు తెస్తుందటండి. అందుకని ఓజోన్ పట్టిన క్యాను నీళ్ళే తాగుతున్నామండి. మంచిదే కదండీ?” కాకినాడలో నా వద్దకు వచ్చే రోగులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఇందులో సగం సత్యమున్నది. మిగిలిన సగం ప్రమాదకరమైనది.

దోషం ఎక్కడ పుట్టును?

గోదావరి నీరు ధవళేశ్వరం నుండి కాలువల ద్వారా మన ప్రాంతానికి చేరుతుంది. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు చెరువులలో నిలువ ఉంచిన నీటినే వాడుకోవాలి. ఆ నీటిలో కుళ్ళిన ఆకులు, నాచు మొదలైన సేంద్రియ పదార్థాలు చేరుతాయి. క్లోరిన్ వాటితో కలిసినప్పుడు ట్రైహాలోమీథేన్లు అనే ఉపద్రవ్యాలు పుడతాయి. క్లోరోఫాం వాటిలో ఒకటి. నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞుడు రూక్ 1974లో ఈ విషయాన్ని వెల్లడించాడు. కనుక దోషం క్లోరిన్ ఒక్కదానిదే కాదు, మలిన జలంతో దాని సంయోగానిది.

ఓజోన్ గుణములు, దోషములు

ఓజోన్ మూడు పరమాణువుల ప్రాణవాయువు. 1906 నాటికే ఫ్రాన్సులోని నీస్ నగరంలో తాగునీటికి దీనిని వాడారు. క్లోరిన్‌కు లొంగని కొన్ని క్రిములను సైతం ఇది చంపుతుంది, క్లోరిన్ గల ట్రైహాలోమీథేన్లను పుట్టించదు. ఇవి దాని గుణములు.

అయితే ఓజోన్ నీటిలో ఎక్కువసేపు నిలువదు, త్వరలోనే ప్రాణవాయువుగా మారిపోతుంది. తరువాత గొట్టంలోనో బిందెలోనో మాలిన్యం చేరితే కాపాడేది లేదు. అందువల్ల ఓజోన్ వాడే నగరాలలో కూడా చివర కొద్దిపాటి క్లోరిన్ కలపడం సాధారణం. రెండవది, సముద్రపు ఉప్పుతో కలిసిన నీటిలో బ్రోమైడ్ ఉంటుంది. ఓజోన్ దానిని బ్రోమేట్‌గా మార్చగలదు. లీటరు నీటిలో బ్రోమేట్ 10 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఉప్పునీటి బోర్లు గల తీరప్రాంతవాసులు దీనిని మరువరాదు.

నేను నేర్చిన పాఠం

సుశ్రుత సంహిత సూత్రస్థానం 45వ అధ్యాయంలో నీటిని తేర్చడానికి చిల్లగింజ మొదలైనవి, శుద్ధి చేయడానికి కాచడం, ఎండలో ఉంచడం వంటివి చెప్పబడినవి. తేర్చడం వేరు, శుద్ధి చేయడం వేరు. గురుకులంలో ఇది కంఠస్థం చేసిన నేనే ఒకసారి మరచితిని. 1996 నవంబరు తుపాను తరువాత ఒక గ్రామంలో, బ్లీచింగు వాసన సహించలేమన్న కుటుంబానికి చిల్లగింజ చాలునన్నాను. నీరు అద్దంలా తేరింది. మూడవనాడు ఆ ఇంటి బిడ్డకు అతిసారం పట్టింది. ఆసుపత్రిలో సెలైను ఎక్కించగా బిడ్డ దక్కింది. నాటి నుండి తేరిన నీరే శుద్ధజలమని నేను ఎవరికీ చెప్పలేదు.

ఆచరించవలసిన విధి

1. నీరు మురికిగా ఉంటే చిల్లగింజను కుండ లోపలి వైపున కొద్దిగా అరగదీసి, నీరు పోసి తేర్చాలి. ఎక్కువ అరగదీస్తే ఆ గంధమే నీటిలో సేంద్రియ పదార్థమవుతుంది. తేరిన నీటిని మరొక పాత్రలోకి వంచి, గుడ్డతో వడకట్టాలి.

2. తరువాత మూత లేకుండా తెర్లనిచ్చి, ఒక నిమిషం అలాగే ఉంచాలి. క్రిములు నశిస్తాయి, ట్రైహాలోమీథేన్లు చాలావరకు ఆవిరితో పోతాయి. చల్లారాక మూతపెట్టి, ఏనాటి నీరు ఆనాడే వాడాలి.

3. కాచే వీలు లేనప్పుడు, ముఖ్యంగా వరదలలో, ఆరోగ్య సిబ్బంది చెప్పిన ప్రమాణంలో క్లోరిన్ కలిపి అరగంట ఆగాలి. దీనిని మానరాదు.

4. క్యాను తెరిచాక అందులో ఓజోన్ రక్షణ ఉందని భావించరాదు. కుళాయినీ చేతులనూ శుభ్రంగా ఉంచాలి.

నిదాన పరివర్జనమే, అనగా రోగకారణాన్ని తొలగించడమే, ప్రథమ చికిత్స. నీటికీ అంతే. ముందు మాలిన్యం తీయండి, పిదప క్రిములను చంపండి. ఉపద్రవ్యాలకు భయపడి క్రిమిసంహారాన్ని విడిచిపెట్టకండి.