లైసెన్సు అక్కర్లేని బండికి హద్దెక్కడ?

ఎలక్ట్రిక్ బండ్ల షోరూముల్లో తరచూ వినపడే మాట ‘‘లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, పిల్లలకైనా ఇవ్వొచ్చు.’’ ఇందులో సగం నిజమే. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 2(యు) నియమం ప్రకారం, మోటారు ముప్పై నిమిషాల సామర్థ్యం 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, అధీకృత పరీక్షా సంస్థ ఆమోదం పొందిన బ్యాటరీ బండి అసలు మోటారు వాహనం కిందికే రాదు. అయితే ఈ షరతులన్నీ ఒకేసారి నెరవేరాలి. ఒక్కటి తప్పినా పెట్రోలు బండికి వర్తించే లైసెన్సు, రిజిస్ట్రేషన్, బీమా, హెల్మెట్ నిబంధనలన్నీ దానికీ వర్తిస్తాయి. ఆకుపచ్చ నంబరు ప్లేటూ ఉండాలి. డబ్బా మీద ‘250 వాట్లు’ అని స్టిక్కరు అంటించినంత మాత్రాన మినహాయింపు రాదు.

చిక్కంతా వేగం 25 దాటకుండా ఆపే స్పీడ్ లాక్ దగ్గరే. ‘కొంచెం లాగేలా’ చేసిపెట్టమని అడిగేవాళ్లూ, అడక్కుండానే చేసిపెట్టే డీలర్లూ ఉన్నారు. లాక్ తీసి నలభై, యాభై వేగంతో నడిపితే ఇంట్లో ఉన్నది రిజిస్ట్రేషన్, బీమా లేని మోటారు వాహనం. ‘పోలీసులు ఎటూ ఆపరు, ఆపినా జరిమానా కట్టేస్తే సరి’ అనే వాదన ఇక్కడే తేలిపోతుంది. లైసెన్సు లేకుండా నడిపితే మోటారు వాహనాల చట్టంలో ఉన్న 5 వేల జరిమానా మోయగలిగిందే. మోయలేనిది నష్టపరిహారం. పాదచారికి తగిలి అతను మంచాన పడితే ట్రిబ్యునల్ వేసే లక్షలు ఎవరు కట్టాలి? బీమా ఉండి, నడిపినవారికి లైసెన్సు లేని కేసుల్లో ముందు కంపెనీ చెల్లించి తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోవచ్చని 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పాలసీయే లేనప్పుడు ఆ ఊరట కూడా ఉండదు. భారమంతా యజమాని మీద, అతని ఇల్లూ పొలం మీద పడుతుంది. నడిపింది పదో తరగతి పిల్లాడైతే అదే చట్టంలోని 199ఎ సెక్షన్ కింద తల్లిదండ్రికో బండి యజమానికో మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. తమకు తెలియకుండా నేరం జరిగిందనో, తాము తగిన జాగ్రత్త తీసుకున్నామనో రుజువు చేసుకోవాల్సింది పెద్దలే.

డెలివరీ కుర్రాళ్ల మాట వేరని కొందరంటారు. పాతిక వేగంతో వాళ్లకు గిట్టదన్నది ఒప్పుకోవలసిందే. కానీ దానికి దారి లాక్ తీయడం కాదు, రిజిస్టరైన బండి కొనడం. గేర్లు లేని బండ్ల లైసెన్సు చాలు. ఇక నిజంగా చిన్న బండే అయినవారికి హెల్మెట్ తప్పనిసరి కాకపోవచ్చుగానీ తల పగలడానికి పాతిక వేగం చాలు. అజాగ్రత్తగా నడిపినందుకు భారతీయ న్యాయ సంహిత 281 సెక్షన్ ఏ వాహనానికైనా వర్తిస్తుంది.

లాక్ తీయించడంలో మరో నష్టం ఉంది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ విజయవాడలోనూ ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. ఇలాంటి ప్రమాదాల్లో తయారీదారుపైనా అమ్మకందారుపైనా పరిహారం కోరే హక్కును వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఇస్తోంది. కానీ వస్తువును మార్పుచేసి వాడారని తేలితే 87 సెక్షన్ అమ్మకందారుకు ఆ బాధ్యతను తప్పిస్తుంది. కాబట్టి కొనేటప్పుడే పరీక్షా సంస్థ ఇచ్చిన ఆమోద (టైప్ అప్రూవల్) పత్రం నకలు అడగండి. మోటారు సామర్థ్యం, గరిష్ఠ వేగం బిల్లు మీద రాయించుకోండి. ఆ రెండూ అబద్ధమని తేలితే, బండి ధర 5 లక్షల లోపే కనుక, మీరు ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రుసుమేమీ లేకుండానే ఫిర్యాదు చేయొచ్చు. గడువు రెండేళ్లు.