‘అందరూ కులాసానా?’ అని అడిగే ముందు

2021 జూలైలో, కోవిడ్ రెండో వేవ్ తర్వాత ఆన్‌లైన్ క్లాసులు మొదలైన కొత్తలో ఒక తండ్రికి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాను. ‘సార్, బాబు వారం రోజులుగా క్లాసుకి రావడం లేదు. కాస్త చూడండి’ అని. రాత్రి పదిన్నరకి జవాబొచ్చింది. ‘మేడమ్, ఆయన మే నెలలో పోయారు. ఈ ఫోన్ ఇప్పుడు బాబు దగ్గరే ఉంటోంది.’ రాసింది తల్లి. ప్రొఫైల్ ఫొటోలో మాత్రం ఇంకా ఆయనే ఉన్నారు, కొత్త బండి పక్కన నిలబడి నవ్వుతూ. అంటే నేను ‘సార్’ అని రాసింది ముందుగా చదివింది ఆ ఏడో తరగతి పిల్లాడే.

అందులో నీ తప్పేముంది అని స్టాఫ్ రూమ్‌లో అందరూ ఓదార్చారు. ఉంది. ఏప్రిల్ 20న బడి మూశాం. ఆ తర్వాత రెండు నెలల్లో ఊళ్లో ఎన్ని ఇళ్లు తలకిందులయ్యాయో కళ్లారా చూశాం. అయినా మన రిజిస్టర్లో ఉన్న పేర్లూ నంబర్లూ ఇంకా అలాగే ఉన్నాయా అని ఒక్కసారి చూసుకోవాలని మాలో ఎవరికీ తట్టలేదు.

ఆగస్టు 16న ఆంధ్రప్రదేశ్‌లో, సెప్టెంబర్ 1న తెలంగాణలో బడులు తెరిచారు. కేథలిక్ మిషన్ స్కూళ్లలో పనిచేసే నాలాంటి వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. క్లాస్ టీచర్లు, ఆఫీసు క్లర్కులు, ఆయాలు, వాచ్‌మన్లు, వాళ్లతోపాటు సిస్టర్లు, ఫాదర్లు. మాస్కులు, శానిటైజర్, గదికి ఎంతమంది కూర్చోవాలి అన్నవి సర్క్యులర్లలో ఉన్నాయి, వాటి జోలికి వెళ్లను. నెల రోజులుగా గేటు దగ్గరా ఆఫీసు కిటికీ దగ్గరా నేను చూసిందీ, దెబ్బ తిని నేర్చుకుందీ చెబుతాను.

మొట్టమొదటి పని ఫోన్ నంబర్ల పట్టీ. పాఠాల కంటే ముందు, ఫీజుల కంటే ముందు అదే. దీనికోసం గూగుల్ ఫారం మాత్రం పంపకండి. ‘మీ ఇంట్లో ఎవరైనా మరణించారా? అవును, కాదు’ అని టిక్కు పెట్టించుకోవడం కంటే కటువైన పని ఇంకొకటి లేదు. క్లాస్ టీచరే స్వయంగా, సాయంత్రం పూట, ఫోన్ చేసి మాట్లాడాలి. రోజుకి ఆరేడు ఇళ్లు మించకుండా పెట్టుకోండి. అంతకు మించితే గొంతులో తొందర తెలిసిపోతుంది. నేను ఇలా మొదలుపెట్టాను: ‘నేను ఫలానా టీచర్నండి. ఫీజు గురించి కాదు, పాఠాల గురించీ కాదు. బడి తెరుస్తున్నాం కదా, పిల్లాడి గురించి మేం తెలుసుకోవాల్సింది ఏమైనా ఉందేమోనని చేశాను.’ ఆ మొదటి మాట చాలా ముఖ్యం. ఏడాదిన్నరగా బడి నంబరు ఫోన్లో కనబడితే ఫీజు కోసమే అనుకోవడం తల్లిదండ్రులకు అలవాటైపోయింది.

ఆ తర్వాత ఊరుకోండి. వాళ్లే చెబుతారు. కొందరు ఇరవై నిమిషాలు చెబుతారు. కొందరు ‘ఏమీ లేదండీ’ అని పెట్టేసి పావుగంట తర్వాత మళ్లీ చేస్తారు. మీరు రాసుకోవాల్సింది నాలుగే: పిల్లాడు ఇప్పుడు ఎవరి దగ్గర ఉంటున్నాడు, ఎవరికి ఫోన్ చేయాలి, డైరీలో ఎవరు సంతకం పెడతారు, సాయంత్రం ఎవరు తీసుకెళ్తారు. ఎలా పోయారు, ఏ ఆసుపత్రి, ఎంత ఖర్చయింది అన్నవి మనకి అక్కర్లేదు. వాళ్లు చెబితే వినండి, రాయకండి. ఆ పుస్తకం హెడ్‌మిస్ట్రెస్ సొరుగులో ఉండాలి, స్టాఫ్ రూమ్ బల్ల మీద కాదు.

ఇంకొకటి. పోయినవాళ్ల నంబరు అడక్కుండా కొట్టేయకండి. ఆ ఏడో తరగతి పిల్లాడి తల్లి తన నంబరు ఇస్తూ, ‘ఆయన నంబరు కూడా అలాగే ఉంచండి మేడమ్’ అంది. ఉంచాం.

ఇక గేటు. మన పలకరింపులన్నీ ప్రశ్నలే. ‘అందరూ కులాసానా?’, ‘నాన్నగారు బాగున్నారా?’, ‘తాతయ్య ఊళ్లోనే ఉన్నారా?’ జవాబు కోసం అడిగేవి కావు, నోటికి అలవాటైనవి. మామూలు రోజుల్లో ఎంత బాగుంటాయో ఈ ఏడాది అంత ప్రమాదం. మా గేటు దగ్గర వాచ్‌మన్ పాతికేళ్లుగా ఉన్నాడు, ప్రతి పిల్లాడి ఇల్లూ తెలుసు. థర్మల్ గన్ నుదుటి దగ్గర పెట్టి ఆయన అలవాటుగా ఒక పాపని ‘మామ్మ రాలేదేంటమ్మా?’ అని అడిగాడు. రోజూ ఆ పాపని దింపేది ఆ మామ్మే. పాప ఏమీ అనలేదు, చేతులు ముందుకు చాపింది శానిటైజర్ కోసం. ఆయన ఆ రోజంతా భోజనం ముట్టలేదు.

కాబట్టి ప్రశ్న మానేసి మాట చెప్పండి. ‘రామ్మా, నిన్ను చూసి ఎన్నాళ్లయిందో’, ‘వచ్చారా, మంచిది, ఇలా నీడలోకి రండి’, ‘ఎంత పొడుగైపోయావురా!’ వీటికి జవాబు చెప్పక్కర్లేదు. వాచ్‌మన్‌కీ, ఆయాకీ, వ్యాన్ డ్రైవర్‌కీ ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే పిల్లల్ని ముందు పలకరించేది వాళ్లే. ట్రైనింగులన్నీ టీచర్లకి పెట్టి వాళ్లని వదిలేస్తాం. అది మన పాత జబ్బు.

తండ్రి పోయిన ఇంటి నుంచి తల్లి బడికి రాలేకపోవచ్చు. ఏడాది తిరగలేదని ఇంట్లో పెద్దలు గడప దాటనివ్వరు. కొందరికి నలుగురి ముందుకి బొట్టు లేని ముఖంతో రావడమే కష్టం. ‘తల్లే రావాలి’ అని పట్టుబట్టకండి. మేనమామ వస్తే మేనమామతో, తాతయ్య వస్తే తాతయ్యతో మాట్లాడండి, కానీ తల్లితో ఫోన్లో విడిగా ఒకమాట మాట్లాడకుండా పిల్లాడి గురించి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. వచ్చిన తల్లిని వరసలో నిలబెట్టకుండా ఒక కుర్చీ వేయండి. ఇంకేమీ అక్కర్లేదు, ‘అయ్యో పాపం’ అసలే వద్దు.

పిల్లల్ని బడికి తప్పనిసరిగా పంపమని ఒత్తిడి చేయొద్దని 2021లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. కోర్టు చెప్పకపోయినా మన పద్ధతి అదే కావాలి. ఇంట్లో ఒకర్ని పోగొట్టుకున్న వాళ్లు ఉన్న పిల్లాణ్ణి బయటికి పంపడానికి భయపడితే అది మొండితనం కాదు. వాళ్లకి వారానికోసారి నోట్సు పంపి, ‘ఎప్పుడు పంపాలనిపిస్తే అప్పుడు పంపండి, సీటు ఎక్కడికీ పోదు’ అనండి.

మనవి కేథలిక్ బడులు కాబట్టి ప్రార్థన సంగతి చెప్పకపోతే ఎలా? మా క్లాసులో 41 మంది, అందులో కేథలిక్ పిల్లలు తొమ్మిదిమందే. మిగతావాళ్లు హిందువులు, ముస్లింలు, ఇతర సంఘాల క్రైస్తవులు. బడి తెరిచిన రోజు అసెంబ్లీలో పోయినవాళ్ల పేర్లు చదివి ప్రార్థిద్దామని ఒక సిస్టర్ అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ మొదటి రోజు, ఐదువందల మంది ముందు, మైకులో తండ్రి పేరు వినబడితే ఆ పిల్లాడు ఎటు చూడాలి? మేం అది మానేసి, అందరినీ ఒక నిమిషం నిశ్శబ్దంగా నిలబడమన్నాం. ఎవరి దేవుణ్ణి వాళ్లు తలుచుకున్నారు. పేర్ల కోసం చాపెల్ దగ్గర ఒక పుస్తకం పెట్టాం. ఇష్టమైనవాళ్లు రాస్తారు. నవంబర్ 2న ఆత్మల పండుగ పూజలో ఆ పేర్లు చదువుతామని కేథలిక్ కుటుంబాలకి చెప్పాం. ఇతరులు రాస్తే వాళ్లవీ చదువుతాం, కానీ రాయమని అడగం. ఒక ముస్లిం తల్లి వచ్చి భర్త పేరు రాసి, ‘దువా ఎవరు చేసినా దువాయే కదా మేడమ్’ అంది.

కేథలిక్ కుటుంబాలది ఇంకో బాధ. రెండో వేవ్‌లో చాలామందికి కడసారి చూపు లేదు, గుడిలో పూజ లేదు, భూస్థాపనకి నలుగురు కూడా లేరు. 2020 డిసెంబర్ 8న పోప్ ఫ్రాన్సిస్ పునీత జోజప్ప (సెయింట్ జోసెఫ్) సంవత్సరాన్ని ప్రకటించారు, 2021 డిసెంబర్ 8 వరకూ. తండ్రుల పాలకుడైన ఆ పునీతుడి సంవత్సరంలోనే ఇంతమంది పిల్లలకి తండ్రులు లేకుండా పోయారు. ఫాదర్లకి నా మనవి ఒక్కటే. అప్పుడు జరగని పూజని ఇప్పుడైనా కుటుంబానికో పూజగా పెట్టండి, అందరికీ కలిపి ఒకటిగా కాదు. కానుక అడక్కండి.

ఆఫీసు కిటికీ దగ్గర ఎక్కువ మాటలు అక్కర్లేదు, ఒక పద్ధతి ఉంటే చాలు. ‘ఫీజు సంగతి తర్వాత చూద్దాంలెండి’ అని క్లర్కు జాలిపడి అంటే, పై నెలలో కంప్యూటర్ తనంతట తాను రిమైండర్ పంపిస్తుంది. ఆ జాలి కంటే అసలు మాట్లాడకపోవడమే నయం. ఇబ్బందిలో ఉన్న కుటుంబాల పేర్లు ముందు ఆ ఎస్ఎంఎస్ జాబితాలోంచి తీసేయండి. రాయితీ ఎవరు నిర్ణయిస్తారో ఆ సిస్టర్ పేరు, ఏ రోజు ఏ గంటకి కలవాలో ఒక చీటీ మీద రాసి ఇవ్వండి. టీసీ అడిగితే అదే రోజు ఇచ్చేయండి. ప్రభుత్వ బడికి మారుస్తున్న తండ్రి మన శత్రువు కాదు, ఉద్యోగం పోయినవాడు. ఆంధ్రప్రదేశ్ ఎయిడెడ్ బడుల్లో అయితే, స్టాఫ్‌ని ప్రభుత్వం వెనక్కి తీసుకుంటే ఈ బడి ఉంటుందా, ఫీజుల బడి అయిపోతుందా అని 2021లో తల్లులు అడిగారు. తెలిసింది చెప్పండి, తెలియనిది రేపు కనుక్కుని చెబుతానని చెప్పి నిజంగా రేపు చెప్పండి.

కోవిడ్‌తో తల్లీ తండ్రీ ఇద్దరూ పోయిన పిల్లలుంటే ఆఫీసు మీద ఇంకో బాధ్యత ఉంది. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 10 లక్షల డిపాజిట్ ప్రకటించింది. కేంద్రం పీఎం కేర్స్ ఫర్ చిల్డ్రన్ కింద 23 ఏళ్లు నిండేసరికి 10 లక్షలు వచ్చే ఏర్పాటు చేసింది. ప్రైవేటు బడిలో చదివే పిల్లలకి విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం ఫీజు కూడా అందులో ఉంది. దరఖాస్తు కలెక్టర్ ఆఫీసు ద్వారా వెళ్లేది. దానికి స్టడీ సర్టిఫికెట్, పుట్టిన తేదీ రుజువు మన దగ్గరి నుంచే కావాల్సి వచ్చేవి. పిల్లాణ్ణి పెంచుతున్న అమ్మమ్మని వాటికోసం మూడుసార్లు తిప్పకండి. ఒక్కరే పోయిన ఇళ్లకి ఈ పథకాలు వర్తించలేదు. అక్కడ ఆదుకోవాల్సింది మేనేజ్‌మెంటే.

తరగతిలో ఏం చూడాలి? నిద్రపోయే పిల్లాణ్ణి చూడండి, మాటిమాటికీ బాత్రూమ్‌కి వెళ్లే పిల్లని చూడండి. ఏడవడానికి బడిలో వేరే చోటు ఎక్కడుంది? ఏడాదిన్నరగా చదువు కుంటుపడి అక్షరాలు మర్చిపోయినవాడికీ, దిగులుతో పెన్ను కదలనివాడికీ తేడా మొదటి వారం తెలియదు. అందుకే మొదటి పదిహేను రోజులు పరీక్ష పెట్టొద్దు. మనం కౌన్సెలర్లం కాదు, కానక్కర్లేదు కూడా. కానీ తిండి మానేసినా, రెండు వారాలైనా ఎవరితోనూ కలవకపోయినా, ‘నేనూ పోతే బాగుండు’ లాంటి మాట అన్నా, దాన్ని మన దగ్గరే దాచుకోకూడదు. ఎవరికీ చెప్పనని పిల్లలకి మాట ఇవ్వకండి. అదే రోజు హెడ్‌మిస్ట్రెస్‌కి, ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పి డాక్టరు దగ్గరికి పంపించండి. కేంద్ర విద్యాశాఖ వాళ్ల మనోదర్పణ్ హెల్ప్‌లైన్ 8448440632. పిల్లాడికి ఇంట్లోనే ఆపద ఉందనిపిస్తే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098.

చివరిగా మన సంగతి. నెల రోజులు ఇళ్ల కష్టాలు వింటే టీచర్‌కి కూడా ఎక్కడో ఒకచోట దించుకోవాలి. మా బడిలో శుక్రవారం ఆఖరి పీరియడ్ తర్వాత అరగంట కూర్చుంటున్నాం. టీ సిస్టర్లే పెడతారు. ఎవరైనా మాట్లాడి తీరాలని ఏమీ లేదు. ‘ఈ వారం నా వల్ల కాదు, నా కాల్స్ ఇంకెవరైనా చేయండి’ అనడానికి అక్కడ సిగ్గుపడక్కర్లేదు. మాలోనూ భర్తని పోగొట్టుకున్నవాళ్లున్నారు.

మేనేజ్‌మెంట్లకి మాత్రం సూటిగా చెప్పాలి. బడులు మూతబడి ఉండగా ప్రైవేటు టీచర్లు కూరగాయలు అమ్మారు, ఉపాధి హామీ పనికి వెళ్లారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకీ సిబ్బందికీ నెలకి 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎంతదాకా వచ్చిందో అర్థం చేసుకోండి. సగం జీతంతో ఉన్న మనిషిని పిలిచి ‘కుటుంబాలను ఆదుకోవాలి’ అని సెమినార్ పెట్టకండి. ముందు పాత బకాయి ఇవ్వండి, ఒకేసారి కుదరకపోతే ఏ నెల ఎంత ఇస్తారో కాగితం మీద రాసివ్వండి. వాచ్‌మన్‌తో, ఆయాతో మొదలుపెట్టండి.