ఏఐతో పీహెచ్‌డీ: ఒక గైడు మాటలు

గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ, దాంట్లో సరోజినీ నాయుడు స్కూల్. అటు కందిలో ఐఐటీ డిజైన్ విభాగం. మధ్యదంతా కంపెనీల కారిడార్. కళలో, డిజైన్‌లో పీహెచ్‌డీ చేసే పిల్లలు ఏఐ చేతబట్టుకుని వస్తే నేను చెప్పేవి ఇవి.

1. ముందు పరిశోధన ప్రశ్న తేల్చుకోండి. 2018లో క్రిస్టీస్ వేలంలో ఏఐ బొమ్మ ఒకటి 4,32,500 డాలర్లు పలికింది. పలకనీయండి, థీసిస్‌కు అది ఒరగబెట్టేదేమీ లేదు.

2. మెషీన్ ఎక్కడ తప్పుతుందో దగ్గరగా చూడండి. చేర్యాల పటాల పద్ధతిలో మార్కండేయ పురాణం గీయమనండి. ఎర్ర నేపథ్యం, పెద్ద కళ్లు, నగలు, అన్నీ నిమిషంలో వచ్చేస్తాయి. ముచ్చటగానే ఉంటుంది గానీ అది పోస్టరు. అసలు పటం గజాల కొద్దీ పొడుగు. అడ్డపట్టీలుగా విడగొట్టి, పూల అంచులు తీర్చి, పైనుంచి కిందికి ఒక్కో గడే విప్పుకుంటూ కథ చెబుతారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, రజకులకు మడేలు పురాణం. ఎవరి ముందు ఏ పటం విప్పాలో కట్టుబాటుంది. ఎదురుగా కూర్చుని వినేవాళ్ల ఊసు ఆ పోస్టరులో ఉండదు. మీ అధ్యాయం అక్కడుంది, తవ్వుకోండి.

3. ప్రాంప్టులు పారేయొద్దు. తేదీ, ఏ వెర్షన్, ఏం టైప్ చేశారు, ఏం వచ్చింది, ఏది ఎందుకు వద్దనుకున్నారు, అన్నీ రాసి పెట్టుకోండి. వెర్షన్ మారితే అదే ప్రాంప్టుకు ఆ బొమ్మ మళ్లీ రాదు. వైవాలో నేనైతే వద్దనుకున్నవాటి గురించే ఎక్కువ అడుగుతాను.

4. ప్లేజియరిజం తనిఖీలో పోలిక 10 శాతం లోపు వచ్చిందని మురిసిపోకండి. యూజీసీ 2018 నిబంధనల్లో అంతవరకు శిక్ష లేదు, నిజమే. ఆ లెక్క మాటలకు. బొమ్మ ఎవరి చేతిలోంచి వచ్చిందో అది చెప్పదు.

5. సైబర్ టవర్స్ దగ్గరి శిల్పారామంలో చేర్యాల మాస్కు కొనుక్కుంటే ఫీల్డ్‌వర్క్ అయిపోదు. సిద్దిపేట జిల్లా చేర్యాల వెళ్లండి. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూసి ఆరబెట్టడం చూడండి. ఆ పటాలు గీసే నకాషీల బొమ్మలు మీ మోడల్‌కు తినిపించేట్టయితే ముందే అడగండి, డబ్బు సంగతి మొదటి రోజే మాట్లాడుకోండి. వాళ్ల పేరు బొమ్మ కిందే వెయ్యండి, కృతజ్ఞతల పేజీలోకి నెట్టకుండా.