ధర్మకాంటా ముందు నిలబడటం

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల వడ్లు అమ్ముకునే రైతుకు తూకం మీద అనుమానం వస్తే వాదన పెంచుకోడు, ధర్మకాంటాకు పోదాం పద అంటాడు. ఆ మాటను కాస్త నిలిచి వినాలి. అతను ఎక్కువ ధర అడగడం లేదు. తన పంట అందరికన్నా మేలైనదని చెప్పుకోవడమూ లేదు. కాంటా ఎంత చూపిస్తే అంతకు ఒప్పుకుంటానంటున్నాడు, అది తాను అనుకున్నదానికన్నా తక్కువైనా సరే. వ్యక్తిత్వ వికాసం పేరుతో మనకు దొరికే పుస్తకాల్లో ఈ గుణానికి చోటు తక్కువ. నిన్ను నువ్వు నమ్ముకో, ఓటమిని ఒప్పుకోకు అన్న మాటలకే పేజీలన్నీ సరిపోతాయి. సాగర్ రోడ్డు పొడవునా ఉన్న ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు ప్లేస్‌మెంట్ల కాలంలో వినే మాటలూ అవే. ఎవరూ తూచని నమ్మకం ఎంత గట్టిగా ఉంటే ఏం లాభం? మనిషి ఎదుగుదల తన మీద తనకున్న నమ్మకంతో కాదు, నన్ను సరిగ్గా తూచండి అని అడిగి, ఆ తూకానికి కట్టుబడటంతో మొదలవుతుందని నా వాదన. దీనికి మన రాష్ట్రంలోనే ఒక మంచి సాక్ష్యం ఉంది. ఆమె పేరు నిఖత్ జరీన్.

నిజామాబాద్‌లో పుట్టిన నిఖత్ 2011లో, పదిహేనేళ్లు నిండకముందే, టర్కీలో జరిగిన జూనియర్ ప్రపంచ బాక్సింగ్‌లో బంగారు పతకం గెలిచింది. 2017లో భుజం గాయంతో చాలాకాలం రింగ్‌కు దూరమైంది. ఇవి ఏ క్రీడాకారిణి కథలోనైనా ఉండేవే కాబట్టి వాటి దగ్గర ఆగను. ఆగాల్సింది 2019 దగ్గర. టోక్యో ఒలింపిక్స్ క్వాలిఫయర్లకు 51 కిలోల విభాగంలో ఎవరిని పంపాలన్న ప్రశ్న వచ్చింది. ఆ విభాగంలో ఉన్నది మేరీ కోమ్. ఆరుసార్లు ప్రపంచ చాంపియన్, 2012 లండన్ ఒలింపిక్స్ కాంస్య విజేత, ఆ ఏడాది ప్రపంచ పోటీల్లోనూ కాంస్యం తెచ్చిన మనిషి. ఆమెను ట్రయల్ లేకుండానే పంపాలన్న ఆలోచన బాక్సింగ్ ఫెడరేషన్‌లో నడుస్తోంది. అప్పుడు నిఖత్ కేంద్ర క్రీడల మంత్రి కిరణ్ రిజిజుకు బహిరంగంగా లేఖ రాసింది. నన్ను పంపండి అని కాదు, ట్రయల్ పెట్టండి అని. ఈ రెండు కోరికలకూ మధ్య ఉన్న తేడా రైతు ధర అడగడానికీ తూకం అడగడానికీ ఉన్న తేడాయే. మొదటిది దయ మీద ఆధారపడుతుంది. రెండోది అడిగినవాడినే ముందు బోనులో నిలబెడుతుంది.

డిసెంబరు 28న ఢిల్లీలో ట్రయల్ జరిగింది. ఫలితం 9-1. గెలిచింది మేరీ కోమ్. పోరు ముగిశాక ఇద్దరి మధ్యా చేయి కలపడం కూడా జరగలేదు, దేశమంతా టీవీలో చూసింది. కోరి తెచ్చుకున్న పరీక్షలో, అంత రాద్ధాంతం తర్వాత, అంత తేడాతో ఓడిపోవడం అంటే మాటలు కాదు. మన ఊళ్లలో అయితే ఆ పిల్లను నలుగురూ నాలుగు నెలలపాటు పీక్కుతినేవారు.

ఇక్కడ తెలివైన పాఠకుడు ఒక అభ్యంతరం లేవదీస్తాడు. 2022లో ఆమె ప్రపంచ చాంపియన్ అయింది కాబట్టే ఆ లేఖ ఇప్పుడు ధైర్యంలా కనిపిస్తోంది, కాకపోయి ఉంటే పొగరు అనేవాళ్లం కదా అని. నిజమే, అనేవాళ్లం. అందుకే ఆ లేఖను 2022తో తూచకూడదంటాను. 2019 డిసెంబరు 28 సాయంత్రానికి, చేతిలో ఓటమి తప్ప ఇంకేమీ లేని స్థితిలో, ఆ లేఖ సరైనదా కాదా అన్నదే ప్రశ్న. సరైనదే. ఎందుకంటే అది గెలుపు హామీ ఇవ్వలేదు. పద్ధతి అడిగింది, పద్ధతి వచ్చింది, వచ్చిన ఫలితంతో మేరీ కోమ్ అర్హతకు ఎవరూ వేలెత్తి చూపలేని బలం చేకూరింది. పెద్దావిడను అవమానించారన్న వాదనకూ జవాబు ఇందులోనే ఉంది. పెద్దరికాన్ని గౌరవించడం వేరు, దాన్ని తూకపు రాయిగా వాడటం వేరు. ట్రయల్ లేకుండా వెళ్లి ఉంటే మేరీ కోమ్ టికెట్ పెద్దరికం టికెట్టే అయ్యేది. గెలిచి వెళ్లింది కాబట్టి అది బాక్సర్ టికెట్ అయింది.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. ఆమెకు జూనియర్ ప్రపంచ పతకం ఉంది, వెనక నిలిచిన తండ్రి ఉన్నాడు, లేఖ రాస్తే పత్రికలు అచ్చేశాయి. ఏ పేరూ లేని మనిషి అలా అడిగితే ఉన్న చోటు కూడా పోతుంది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అడగడానికి ఖర్చవుతుంది, ఆ ఖర్చు అందరికీ ఒకటి కాదు. కానీ ఆ ఖర్చు భరించలేనివాళ్లకు ఆత్మవిశ్వాసం తరగతి ఏ విధంగా పనికొస్తుందో కూడా నాకు తెలియదు. కనీసం తూకం ఎక్కడ తప్పిందో గుర్తుపట్టినవాడు తన తప్పు కానిదానికి తనను తాను తిట్టుకోకుండా ఉంటాడు. అదీ చిన్న మేలేం కాదు.

అయితే ప్రతి కాంటా ధర్మకాంటా కాదు. జపాన్‌లో తెన్షిన్ నసుకావా అనే కిక్‌బాక్సర్ ఉన్నాడు. 2018 డిసెంబరు 31న, కిక్‌బాక్సింగ్‌లో ఓటమి ఎరగని ఇరవై ఏళ్ల వయసులో, బాక్సర్ ఫ్లాయిడ్ మేవెదర్‌తో సైతామాలో రింగెక్కాడు. కాళ్లు వాడకూడదు, బాక్సింగ్ నియమాలే, ఎదుటివాడు తనకన్నా బరువైనవాడు. మొదటి రౌండ్‌లోనే మూడుసార్లు కిందపడి ఏడ్చేశాడు. అది పరీక్ష కాదు, తమాషా. దాన్నిబట్టి ఆ కుర్రాడి గురించి ఎవరికీ ఏమీ తెలియలేదు. అదే నసుకావా 2022 జూన్ 19న టోక్యో డోమ్‌లో టకెరుతో తలపడ్డాడు. వేరే సంస్థలో ఏళ్ల తరబడి రాజ్యమేలినవాడు టకెరు. ఎవరి సంస్థలో వారు చాంపియన్లుగా హాయిగా బతికేయవచ్చు, ఎవరు గొప్పన్న చర్చ అభిమానులకు వదిలేయవచ్చు. అలా కాకుండా ఇద్దరూ 58 కిలోలకు ఒప్పుకుని వచ్చారు. నసుకావా గెలిచి, ఆ వెంటనే కిక్‌బాక్సింగ్ వదిలి, 2023లో బాక్సింగ్‌లో కొత్తవాడిగా మొదటి మెట్టు ఎక్కాడు. ఇస్తాంబుల్‌లో నిఖత్ ప్రపంచ టైటిల్ గెలిచింది ఆ టోక్యో డోమ్ పోటీకి సరిగ్గా నెల ముందు, 2022 మే 19న. కాకతాళీయమే, కానీ పక్కపక్కన పెట్టి చూడబుద్ధేస్తుంది.

ఇస్తాంబుల్ గెలుపు 52 కిలోల్లో. అది ఒలింపిక్ విభాగం కాదు. ప్రపంచ చాంపియన్ అన్న పేరుతో అక్కడే ఉండిపోవచ్చు. నిఖత్ 50కి దిగింది. రెండు కిలోలే కదా అనిపిస్తుంది మనకు. ఒంటి మీద కొవ్వే లేని మనిషికి ఆ రెండు కిలోలు తిండిలోంచీ నీళ్లలోంచీ రావాలి, పోటీ ఉన్న రోజు పొద్దున తూకం యంత్రం ముందు ఏ పతకమూ పనికిరాదు. 2024 పారిస్‌లో వంద గ్రాముల అదనపు బరువుకు రెజ్లర్ వినేశ్ ఫోగాట్ ఫైనల్‌కు ముందు అనర్హురాలైన సంగతి ఇంటింటా తెలుసు. 50 కిలోల్లో నిఖత్ 2022 కామన్వెల్త్ స్వర్ణం, 2023లో ఢిల్లీలో రెండో ప్రపంచ టైటిల్ తెచ్చింది. పారిస్‌లో మాత్రం ఆగస్టు 1న చైనా బాక్సర్ వు యు చేతిలో 0-5తో ఓడి ఇంటికొచ్చింది.

ఆ తర్వాత తెలంగాణ ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. ఆ ఖాకీ కోసం ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల తెల్లవారకముందే గ్రౌండ్లలో పరుగెత్తే పిల్లలెందరో ఉన్నారు. రింగ్ నుంచి తప్పుకోవడానికి ఇంతకన్నా గౌరవమైన దారి ఉండదు. ఆమె తప్పుకోలేదు. 2022లో సోఫియా టోర్నీ సెమీఫైనల్‌లో ఆమె ఓడించిన టర్కీ బాక్సర్, టోక్యో రజత విజేత బుసె నాజ్ చకిరోగ్లు, 2025 సెప్టెంబరులో లివర్‌పూల్ ప్రపంచ పోటీల క్వార్టర్‌ఫైనల్‌లో మళ్లీ ఎదురైంది. ఈసారి ఓడింది నిఖత్. నవంబరులో గ్రేటర్ నోయిడాలో ప్రపంచ కప్ ఫైనల్స్‌కు మళ్లీ కాంటా ఎక్కింది, 51 కిలోలకు.