ఎర్రర్ లైన్‌ని చివరిదాకా చదవండి

డేటాబేస్ బాధ్యత కొత్తగా నెత్తిన పడ్డవాళ్లకి మొదటి ఫోన్ దాదాపు ఒకేలా వస్తుంది: "డీబీ ఓపెన్ అవ్వట్లేదండీ, కాస్త చూస్తారా?" ఓపెన్ అవ్వకపోవడానికి నాలుగైదు కారణాలుంటాయి. ఏదో తేలకుండానే పాస్‌వర్డ్ మార్చడం, సర్వర్ రీస్టార్ట్ చేయడం మొదలుపెడితే ఉన్న గొడవకి ఇంకోటి తోడవుతుంది. మైఎస్‌క్యూఎల్ సంగతే చెబుతాను, నా చెయ్యి కాలింది దాంతోనే కాబట్టి.

ముందు ఎర్రర్ నంబర్ చూడండి. 2003 వచ్చిందంటే మీరింకా గుమ్మం దాకా వెళ్లలేదు. సర్వర్ ఆగిపోయి ఉండొచ్చు, 3306 పోర్టుకి ఫైర్‌వాల్ అడ్డం పడి ఉండొచ్చు, బైండ్ అడ్రస్ 127.0.0.1 అని ఉండి బయటి మెషిన్లని రానివ్వకపోవచ్చు. అప్పుడు పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా దండగే. 1040 అంటే కనెక్షన్లు నిండిపోయాయి. 1142 అంటే లోపలికైతే వెళ్లారు, ఆ టేబుల్ మీద ఆ పని చేసే అనుమతి లేదు.

తిప్పలు పెట్టేది 1045, యాక్సెస్ డినైడ్. నా మొదటి ఉద్యోగంలో ఒక శుక్రవారం సాయంత్రం అప్లికేషన్‌ని కొత్త మెషిన్‌కి మార్చారు. ఇదే ఎర్రర్. పాస్‌వర్డ్ తప్పేమోనని మార్చాను. మళ్లీ మార్చాను. అంతలో అదే యూజర్‌తో నడిచే రాత్రి రిపోర్టుల జాబ్ కూడా పడుకుంది. మా సీనియర్ వచ్చారు. కీబోర్డు ముట్టుకోలేదు. పెన్ను మూతతో తెర మీద ఎట్ గుర్తు తర్వాతి ముక్క చూపించి, "ఇది చదివావా?" అన్నారు. 10.0.0.6. మా అకౌంటు 10.0.0.5 నుంచి వచ్చేవాళ్లకి చేసింది.

మైఎస్‌క్యూఎల్‌లో అకౌంటంటే పేరొక్కటే కాదు, ఎక్కణ్నుంచి వస్తున్నారన్నదీ అందులో భాగమే. ఒకే పేరుతో లోకల్‌హోస్ట్‌కి ఒకటి, పర్సెంట్ గుర్తుతో, అంటే ఎక్కణ్నుంచైనా రావొచ్చని, ఒకటి ఉంటే అవి రెండు అకౌంట్లు, పాస్‌వర్డులు కూడా వేరుగా ఉండొచ్చు. ఎలాగోలా లాగిన్ అవ్వగలిగితే యూజర్, కరెంట్ యూజర్ ఫంక్షన్లు రెండూ ఒకే సెలెక్ట్‌లో అడగండి. మీరు ఎవరని చెప్పుకున్నారో మొదటిది చెబుతుంది, సర్వర్ మిమ్మల్ని ఏ అకౌంటు కింద జమకట్టిందో రెండోది చెబుతుంది. ఆ తర్వాత షో గ్రాంట్స్.

ఆ 1045 ఎర్రర్ లైన్ చివర బ్రాకెట్లో యూజింగ్ పాస్‌వర్డ్ అని ఉంటుంది, దాన్నీ వదలొద్దు. అక్కడ 'నో' ఉంటే పాస్‌వర్డ్ అసలు సర్వర్‌కి పంపనేలేదు. కాన్ఫిగ్ ఫైల్ చూడండి, చాలాసార్లు అప్లికేషన్ పాత ఫైలే చదువుతూ ఉంటుంది.

మేనేజర్ వెనక నిలబడి "ఇంకెంతసేపు?" అంటుంటే, పర్సెంట్ గుర్తుకి ఆల్ ప్రివిలేజెస్ ఇచ్చేసి ఇంటికెళ్లాలనిపిస్తుంది. ఫోన్లు ఆగుతాయి, నిజమే. నేనలా ఇచ్చినది ఎనిమిది నెలల తర్వాత ఆడిట్‌లో బయటపడింది. ఎవరడిగారో, ఎందుకిచ్చానో నాకే గుర్తు లేదు. తప్పక ఇవ్వాల్సివస్తే ఆ ఒక్క మెషిన్‌కి, ఆ ఒక్క డేటాబేస్‌కి ఇవ్వండి. ఎప్పుడు తీసేస్తారో టికెట్‌లో అప్పుడే రాసి, మీ క్యాలెండర్‌లో కూడా పెట్టుకోండి.