తాటికాయల బండి

వేసవి రాగానే శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల గ్రామములలో తాటిముంజలు దిగును. ముంజలు తిన్న పిల్లలు కాయలను పారవేయరు. రెండు కాయలను ఒక పుల్ల రెండు కొనలకు గ్రుచ్చి, ఆ పుల్లను పంగకఱ్ఱతో త్రోయుచు వీధులవెంట పరుగెత్తుదురు. ఇదియే తాటికాయల బండి. దీనికి దమ్మిడీ ఖర్చు లేదు. బలము, చలనము అను పాఠమునకు ఇంతకంటె మంచి పరికరము దొరకుట కష్టము.

త్రోయుట మానినచో బండి ఆగిపోవును. కావున కదలిక నిలుచుటకు ఎడతెగని బలము కావలయునని తోచుట సహజము. గ్రీకు పండితుడు అరిస్టాటిల్ కూడ ఇట్లే తలచెను. అది నిజమో కాదో బండినే అడిగి చూడవచ్చును.

ఒక బల్లచెక్కను ఇటుకపై ఏటవాలుగా ఆనించి, పంగకఱ్ఱ లేకుండ కాయల జతను పైనుండి విడువవలెను. ముంజకాయలు నిండుగా గుండ్రనివి కావు గనుక ఒకటి రెండుమారులు ప్రక్కకు పోవును, విసుగుకొనరాదు. ఇటుక మారనంతవఱకు, వాలు దిగునప్పటి వేగము ప్రతిసారి ఇంచుమించు ఒక్కటే. మొదట ఇసుకలోనికి, పిదప అలికిన వాకిటిలోనికి, తరువాత సిమెంటు నేలపైకి విడిచి, ఎన్ని అడుగులు పోయినదో కొలువవలెను. ఇసుకలో వెంటనే ఆగును. సిమెంటుపై చాల దూరము పోవును. త్రోయువాడు లేక బండి ఆగుటలేదు. నేల అడ్డుకొనుటచేత ఆగుచున్నది. ఈ అడ్డుబలమే ఘర్షణ. అడ్డగించు బలమేదియు లేనిచో సమతలముపై బండి ఆగనే ఆగదు. ఇటలీలో గెలీలియో వాలుచెక్కలపై గుండ్లను దొర్లించి ఈ సంగతి ఊహించెను. న్యూటను 1687లో వెలువడిన తన గ్రంథమున దీనిని మొదటి చలన నియమముగా నిలిపెను. ఇరుసునకు కందెన వేయు బండివాడు నియమము పేరెఱుగకున్నను, పని ఎఱిగినవాడే.

ఆ నియమమునకే మఱియొక ముఖము కలదు. విజయనగరములో ఏటేట విజయదశమి తరువాతి మంగళవారమున పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవము జరుగును. పొడవైన మాను కొనయందు పూజారి కూర్చుండగా, దానిని మోయు బండి గుడినుండి కోటవఱకు మూడుమారులు తిరుగును. దీని నమూనా ఇంటిలోనే చేయవచ్చును. పీటకు త్రాడు కట్టి, దానిపై మట్టిముద్ద నుంచి, అందులో చీపురుపుల్లను ఏటవాలుగా గ్రుచ్చవలెను. పుల్ల కొనకు చింతగింజంత మట్టి ఉండను అంటించవలెను. పీటను మెల్లగా లాగినచో ఉండ దానితోపాటు సాగును. తటాలున లాగినచో ఉండ ఉన్నచోటనే ఉండజూచును. పుల్ల వెనుకకు వంగును. కదలుచున్న పీటను చటుక్కున ఆపినచో ముందుకు వంగును. వస్తువునకు గల ఈ మొండితనమే జడత్వము. పొడవైన పుల్లతో ఊపు ఇంకను హెచ్చును. సిరిమాను బండి జనసమ్మర్దము లేకున్నను ఏల నెమ్మదిగా సాగవలెనో ఇందువలన తెలియును. ఉండ బరువును రెండింతలు చేసినచో ఏమగునో పీటయే చెప్పును.