తోడు మనిషికి చట్టంలో చోటు

చట్టాల పాఠం అనగానే పేజీ తిప్పేయకండి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. గోదావరిఖని, రామగుండం ప్రాంతంలో పెరిగిన మనకు బొగ్గుబావి అంటే ఏమిటో, పైకప్పు కూలడం అంటే ఏమిటో వేరే చెప్పనక్కర లేదు. 2003 జూన్ 16న ఏడో ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. చనిపోయినవారి లెక్క రాస్తారు. వెన్నుపూస దెబ్బతిని ప్రాణాలతో ఇంటికి చేరినవారి గురించి అంతగా మాట్లాడరు. వారిని పొద్దున్నే లేపి, కడిగి, తినిపించి, రాత్రి లేచి పక్క తిప్పే మనిషి గురించి అసలే మాట్లాడరు. చాలా ఇళ్లలో ఆ మనిషి అమ్మ. అమ్మ కూలికి పోతే అక్క. అక్క చదువు అక్కడితో సరి.

ఆ తోడు మనిషి కష్టానికి చట్టం ఎక్కడ విలువ కట్టింది, ఎక్కడ కట్టలేదు అన్నదే మేము ఇక్కడ చూడదలచుకున్నది.

ముందు సైనికుల సంగతి. విధి నిర్వహణలో నూరు శాతం వికలాంగుడై, ఇంకొకరి సాయం లేనిదే గడవని మాజీ సైనికునికి కేంద్ర ప్రభుత్వం పింఛనుతో పాటు నిరంతర సహాయకుని భత్యం ఇస్తుంది. 2017 జులైలో అది నెలకు 6,750 రూపాయలైంది. అమెరికాలో 2010 నాటి చట్టం, తీవ్రంగా గాయపడిన సైనికుణ్ణి ఇంట్లో చూసుకునే కుటుంబ సభ్యులకే నెలనెలా సొమ్ము ఇచ్చే ఏర్పాటు చేసింది. 2025 జనవరిలో వచ్చిన మరో చట్టం ఇంటివద్ద సేవలకు పెట్టే ఖర్చు పరిమితిని పెంచింది. అంతకుముందు నర్సింగ్ హోంలో అయ్యే ఖర్చులో 65 శాతం వరకే ఇచ్చేవారు, దాన్ని 100 శాతం చేశారు. బ్రిటన్ అయితే 1946లోనే పనిలో గాయపడిన కార్మికులకు, గని కార్మికులతో సహా, ఇలాంటి భత్యం పెట్టింది. మన 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం బ్రిటిష్ చట్టం నమూనాలో తయారైనదే. కాని ఈ ముక్క మాత్రం మనదాకా రాలేదు.

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి. 30 ఏళ్ల కాంట్రాక్టు కార్మికుడు పనిలో ప్రమాదం జరిగి శాశ్వతంగా, పూర్తిగా వికలాంగుడయ్యాడనుకుందాం. 2020 జనవరి నుంచి ఆ చట్టం కింద లెక్కకు తీసుకునే జీతం గరిష్ఠంగా 15,000 రూపాయలు. అందులో 60 శాతం 9,000. ఆ వయసుకు గుణకం 207.98. గుణిస్తే 18,71,820 రూపాయలు. చూడటానికి పెద్ద మొత్తమే. 30 ఏళ్లకు, అంటే 360 నెలలకు పంచండి. నెలకు 5,200 కూడా నిండదు. బ్యాంకులో వేస్తే వడ్డీ వస్తుంది కదా అంటారు, ధరలూ పెరుగుతాయి కదా అని మేమంటాం. పైగా అది పోయిన సంపాదనకు బదులు ఇచ్చేది. 2009 సవరణతో వైద్యం బిల్లులు కూడా యజమానే భరించాలన్నారు, మంచిదే. సహాయకుని పద్దు మాత్రం అందులో లేదు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో ఆ పాత చట్టం కలిసిపోయింది. లెక్క కట్టే పద్ధతి మాత్రం అదే.

ఇక్కడ ఒక వింత చూడండి. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, రోడ్డు ప్రమాదంలో పూర్తిగా ఇతరులపై ఆధారపడవలసి వచ్చిన ఒక బాలిక కేసులో, ఇద్దరు సహాయకులకు నెలకు 5,000 చొప్పున, గుణకం 18తో లెక్కవేసి, ఆ ఒక్క పద్దు కిందే 21,60,000 రూపాయలు ఇప్పించింది. అంటే రాజీవ్ రహదారి మీద బొగ్గు లారీ గుద్దితే సహాయకునికి విలువ కడతారు. బావిలో బండ పడితే కట్టరు. విరిగిన నడుము రెండు చోట్లా ఒకటే కదా!

ఇక మనకు పనికొచ్చే చట్టం 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. జీతం తీసుకున్నా తీసుకోకపోయినా, వికలాంగుణ్ణి చూసుకునే తల్లిదండ్రులు, కుటుంబ సభ్యులు కూడా సంరక్షకులేనని రెండో సెక్షన్ చెబుతుంది. అంటే అమ్మకు, అక్కకు చట్టంలో ఒక పేరు దొరికింది. ఎక్కువ సాయం అవసరమైన వికలాంగులకు సంరక్షకుని భత్యం ఇచ్చే పథకాలు పెట్టాలని 24వ సెక్షన్ ప్రభుత్వాలకు చెప్పింది. అయితే ‘ఆర్థిక శక్తి మేరకు’ అనే మాట కూడా జోడించింది. మా ఉద్దేశంలో ఆ మాట చాటునే ఈ హక్కు నిద్రపోతోంది.

శక్తి లేదనడం కూడా పూర్తిగా నిజం కాదు. తెలంగాణలో 2023 జులైలో వికలాంగుల పింఛను 4,016 రూపాయలు చేశారు. పక్కనున్న ఆంధ్రప్రదేశ్ 2024 జులై నుంచి, పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి నెలకు 15,000 ఇవ్వసాగింది. కేరళలో మంచాన పడ్డవారిని చూసుకునే మనిషికే నెలకు 600 ఇచ్చే ‘ఆశ్వాసకిరణం’ పథకం పెట్టారు. సొమ్ము చిన్నదే, కాని తోడు మనిషి పేరు రిజిస్టరులోకి ఎక్కింది.

38వ సెక్షన్ కింద, 40 శాతం అంతకు మించిన వైకల్యం ఉండి ఎక్కువ సాయం కావలసినవారు, లేదా వారి తరఫున వేరెవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. దాన్ని ఒక నిర్ధారణ బోర్డు పరిశీలించి నివేదిక ఇవ్వాలి. దరఖాస్తు రాయడం రాని ఇళ్లు మన వీధుల్లో చాలా ఉన్నాయి. సెలవులకు వెళ్లినప్పుడు మీరే రాసి పెట్టండి. ముందు సదరం సర్టిఫికెట్ ఉందో లేదో చూడండి. అందులోని శాతం ఒక్కటే రాసి ఊరుకోవద్దు. రోజుకు ఎన్నిసార్లు లేపాలి, రాత్రి ఎన్నిసార్లు పక్క తిప్పాలి, స్నానానికి ఎందరు కావాలి, చూసుకునే మనిషి ఏ కూలి మానుకుంది లేక ఏ తరగతిలో చదువు ఆపింది, అన్నీ రాయండి. నకలు మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకుని ఇంట్లో దాచండి.